అమ్మ శానా పోసిన వస

మా మనవరాలు తన చంటిబిడ్డ నాలుకకు రాయాలని సానరాయి మీద వసకొమ్ము అరగదీస్తాంది. ఆ ఘాటు ముక్కుకు తగిలిందంటే నాకు ఈ వయసులోనూ ఒళ్ళు మండుతుంది.

మూడో తరగతిలో ఏడో ఎక్కం చెప్తూ మధ్యలో ఆగిపోయినాను. "మీయమ్మ నీకు వస పొయ్యలేదేమిరా? తెలివనేది చంటప్పుడే రావల్ల. పోయి గొర్లు మేపుకో పో" అన్నాడు అయ్యవారు. పిల్లోళ్ళంతా పగలబడి నవ్వినారు.

నాకు మాత్రం ప్రాణం లేచొచ్చింది. వస పొయ్యకపోతే ఇప్పుడు తాగితే సరిపోతుంది కదా! చేనికి పరిగెత్తి, శెనక్కాయ చెట్లు పెరుకుతున్న అమ్మను అడిగినాను.

"మా, నాకు వస పోసినావా?"

"పొయ్యకుండా ఉంటానా నాయనా! ఊర్లో అందరి బిడ్డలకంటే శానా పోసినా" అని మురిసిపోయింది పిచ్చితల్లి.

అంత పోసినా రాని తెలివి ఇంక ఎప్పటికీ రాదనుకున్నాను. మరుసటి రోజు నుంచి బడి ముఖం చూడలేదు.

ముప్పై ఏళ్ళు దాటినాక, మైదుకూరు బస్టాండులో బస్సు బోర్డులు కూడబలుక్కుంటూ చదువు నేర్చినాను. ప్రొద్దుటూరు పోవాల్సినవాణ్ణి బద్వేలులో దిగినాను. "కండ్లు లేవా ఏమప్పా?" అని కండక్టరు తిట్టినాడు. తప్పిన ప్రతిసారీ తల కాస్త పదునెక్కింది. ఇప్పుడు పేపరు ఈ కొస నుంచి ఆ కొసకు చదువుతాను. చదివే తలకాయ మాత్రం ఆ అయ్యవారు పనికిరాదన్న తలకాయే.

ఆ పొద్దు "ఇంకోసారి చెప్పరా" అనడానికి ఆయన నోటికేం అడ్డమొచ్చింది?