నా ప్లాటు మీద నేనే పెట్టిన అభ్యంతరం

సొంత కొంపకు తామే ఎసరు పెట్టుకున్నవాళ్ళు లోకంలో చాలామంది ఉంటారు. కానీ ఆ పని చేసి, పక్కన నిలబడ్డ జనం చేత చప్పట్లు కూడా కొట్టించుకున్నవాడు నాకు తెలిసి నేనొక్కణ్ణే! ముందు ఆ టీ తాగేయండి. మధ్యలో నవ్వితే పొలమారుతుంది, తర్వాత నన్ను అనకండి.

మేం చిత్తూరు నుంచి పూతలపట్టు పోయే దారిలో, హైవే పక్కన ఒక కాలనీలో అద్దెకుంటున్నాం కదా. ఓనరు పైన ఉంటాడు, మోటారు స్విచ్ ఆయన బెడ్రూంలో ఉంటుంది. ఆయన నిద్ర లేస్తే మాకు నీళ్ళు. ఆయన కూతురి ఇంటికి పలమనేరు పోతే మాకు కరువు. గోడకు మేకు కొట్టాలంటే పర్మిషన్ అడగాలి. పెరట్లో కరివేపాకు మొక్క నాటితే, "వేర్లు పునాదిలోకి పోతాయి సార్" అని దగ్గరుండి పీకించాడు. మా ఆవిడ సరళ ఆ మొక్కను ఎత్తి బయట పడేసింది. రాత్రి అన్నం పెడుతూ మాత్రం, "నాకంటూ ఒక గోడ గావాల. నాకిష్టమొచ్చిన కాడ మేకు కొట్టుకోవాల. అంతకంటే నేనేమీ అడగను," అంది.

స్థలం లేక కాదు. మా నాయన మా అన్నదమ్ములిద్దరికీ వదిలిపోయిన గానుగచేను ఉంది. ఒకప్పుడు అక్కడ చెరుకు గానుగ ఆడించి బెల్లం వండేవాళ్ళు. గానుగ పోయింది, పేరు మిగిలింది. మా తమ్ముడు చంద్ర ఊళ్ళోనే ఉంటాడు, ఆవులు, పాల వ్యాపారం వాడివి. ఆ చేనును ప్లాట్లుగా విడగొట్టి, లేఅవుట్ అప్రూవల్ తెచ్చి, తలా ఒక ప్లాటు ఉంచుకుని మిగతావి అమ్మేద్దామన్నది వాడి ఆలోచన. అప్రూవల్ లేనిదే బ్యాంకువాడు హోమ్ లోన్ ఇవ్వడు. లోన్ లేనిదే సోషల్ టీచర్ జీతంతో నేను కట్టగలిగేది పిట్టగోడ మాత్రమే.

"నాకు ఈశాన్యం మూల ప్లాటు గావాల, తూర్పు ముఖం ఉండాల. మిగతాది నీ ఇష్టంరా," అన్నాను.

"నువ్వు సంతకాలు పెట్టన్నా, మిగతాదంతా నేను సూసుకుంటా," అన్నాడు.

మర్నాడే ఒక కట్ట కాగితాలు తెచ్చాడు. స్లిప్ టెస్ట్ పేపర్లు దిద్దే స్పీడులో టకటకా సంతకాలు కొట్టేశాను. "ఒకసారి చదివి పెట్టండి," అని సరళ అంటూనే ఉంది. "మా తమ్ముడు నన్ను మోసం చేస్తాడా ఏమి?" అన్నాను. పాపం, వాడు చేయలేదు. చేసినవాడు వేరే ఉన్నాడు.

ఇకపోతే, నేను మా కాలనీ సంక్షేమ సంఘానికి అధ్యక్షుణ్ణి. అద్దెకుండేవాడు అధ్యక్షుడేమిటని అడగొద్దు. సొంత ఇళ్ళున్నవాళ్ళకు వేరే పనులుంటాయి! సంఘానికి సెక్రటరీ మునిరత్నం గారు, కరెంటాఫీసులో రిటైరైన మనిషి. కొన్ని నెలల కింద ఒక పొద్దున ఆయన వాట్సాప్ గ్రూపులో బాంబు పేల్చాడు. "మన కాలనీ ఎనకాల ఎవురో లేఅవుట్ ఏస్తా ఉండారు. పంచాయితీ ఆఫీసు కాడ నోటీసు, ప్లాను అంటించినారు. అభ్యంతరాలు ఉంటే రాసియ్యమన్నారు," అని. కింద ఒక ఫోటో.

మునిరత్నం గారి ఫోటోల గురించి మీకు తెలియదు. ఆయన ఏది తీసినా అందులో ఆయన బొటనవేలు ఉంటుంది. మనవడి పుట్టినరోజు ఫోటోలో కేకు మీద కూడా ఉంది. ఈ ఫోటోలో సరిగ్గా దరఖాస్తుదారుల పేర్లుండే మూల మీద ఉంది. మిగతాదంతా చక్కగా కనిపించింది. సర్వే నంబరు ఉంది, రోడ్లు ఉన్నాయి, ప్లాట్లు ఉన్నాయి, ఈశాన్యం మూల ప్లాటు మీద ఓనర్ అని కూడా రాసుంది.

ఆ చేను ఎవరిదో మీకు అప్పుడే అర్థమైపోయి ఉంటుంది. నాకు కాలేదు! చిత్తూరు అక్షాంశం, రేఖాంశం అడగండి, నిద్రలో లేపినా చెప్తాను. మా చేను సర్వే నంబరు మాత్రం పుట్టి బుద్ధెరిగాక ఒక్కసారి కూడా చూడలేదు. మా ఇంట్లో అది గానుగచేను, అంతే. అక్కడికి దారి కూడా నాకు ఒకటే తెలుసు. హైవే మీద పోయి, పాలకేంద్రం దగ్గర తిరిగి, ఊరంతా దాటి, వాననీళ్ళు పారే వంక దిగి ఎక్కితే వస్తుంది. చిన్నప్పుడు నాయన వెంట నడిచిన దారి అది. బండి మీద పోయినా చాలాసేపు పడుతుంది కాబట్టి, చాలా దూరమని నా లెక్క. అది చుట్టూ తిరిగి తిరిగి మా అద్దె వంటింటి వెనక ముళ్ళకంపల అవతలికే వచ్చి ఆగుతుందని నాకేం తెలుసు? పిల్లలకు మ్యాప్ పాయింటింగ్ నేర్పేది నేనే లెండి.

ఇంక చూడండి నా ఆవేశం! లేఅవుట్ నిబంధనలు మొత్తం ప్రింటు తీయించాను. రెండు రోజులు కూర్చుని చదివాను. నా సంతకాల కట్టలో ఒక్క కాగితం చదవనివాణ్ణి, ఎవడిదో ప్లానని మాత్రం భూతద్దం పెట్టి చూశాను. లోపలి రోడ్డు ఇరుగ్గా ఉందన్నాను, ఫైరింజను తిరగదన్నాను. వంకకు వదలాల్సిన జాగా వదల్లేదన్నాను. వాన పడితే నీళ్ళు నిలిచే వంక ఒడ్డును పార్కు అని చూపించడం ప్రజలను వెర్రివాళ్ళను చేయడమేనన్నాను. అంతటితో ఆగితే బాగుండేది. నాలో ఉన్న రచయిత ఊరుకోలేదు. "సదరు యజమాని అత్యాశతో తూర్పు ముఖంగా ఉన్న ఈశాన్యపు మూలను తన సొంతానికి అట్టిపెట్టుకున్నాడు. ఆ మూలనే పార్కుగా మార్చి, సదరు స్వార్థపరుడికి గుణపాఠం చెప్పవలసిందిగా ప్రార్థన," అని ముగించాను. ముగించి, మళ్ళీ చదువుకుని, నా భుజం నేనే తట్టుకున్నాను.

సంతకాల కోసం ఇల్లిల్లూ తిరుగుతుంటే సరళ ఒక్క మాట అడిగింది.

"ఆ చేను ఎవురిదో కనుక్కున్నారా?"

"ఎవరిదైతే మనకేంటి? న్యాయం న్యాయమే!" అన్నాను. ఆ క్షణంలో నా గొంతు నాకే గంభీరంగా వినిపించింది.

తర్వాత కొన్నాళ్ళకు చంద్ర ఫోన్ చేశాడు. వాడి గొంతులో దిగులు.

"అన్నా, మన లేఅవుట్ మింద ఎవుడో ఎదవ అబ్జెక్షన్ పెట్టినాడంట. రేపు పొద్దున ప్లానింగ్ మేడం సైటు కాడికే వస్తా ఉండాది. నువ్వు కూడా రాన్నా."

"రేపా? రేపు నాకు కుదరదురా. ఇక్కడ కూడా ఒక దొంగ లేఅవుట్ మీద ఇన్‌స్పెక్షన్ ఉంది, కాలనీ అంతా నా మీదే ఆధారపడి ఉంది. నువ్వేం భయపడొద్దు. ఇట్లాంటి అబ్జెక్షన్లు పెట్టేవాళ్ళకు పనీపాటా ఉండదు. మొహమాటం లేకుండా గడ్డి పెట్టు."

"పెడతా అన్నా," అన్నాడు వాడు ధైర్యం తెచ్చుకుని.

మర్నాడు కాలనీ పెద్దలంతా తెల్లచొక్కాల్లో తయారయ్యారు. ముళ్ళకంపల్లో సందు చేసి, వెనక చేలోకి దిగాం. మునిరత్నం గారి పంచె కంపకు తగులుకుంటే ఇద్దరు విడిపించారు. మేడం జీపు అప్పటికే వచ్చి ఉంది. చిన్న వయసే, కానీ తొందరపడే మనిషి కాదు. టేపు పట్టించి రోడ్డు కొలిపించింది. వంక ఒడ్డు దాకా నడిచి చూసింది. అప్రోచ్ రోడ్డు ఉందా, నీళ్ళు ఏ వైపు పోతాయి, చుట్టుపక్కల ఇళ్ళకు ఇబ్బందుందా అని ఒక్కొక్కటే అడిగి రాసుకుంది. నా అర్జీ చేతిలో పట్టుకుని, "చాలా స్టడీ చేసి రాశారు సార్, మాకు వచ్చేవాటిలో ఇంత వివరంగా ఏదీ ఉండదు," అంది.

ఇంకేం కావాలి? నా ఛాతీ ఉబ్బింది. ఒక గట్టు ఎక్కాను.

"మేడం! ఈ యజమాని ఎవరో నాకు తెలియదు, తెలుసుకోవాలని కూడా లేదు. కానీ ఇలాంటివాళ్ళకు పిల్లలు ఆడుకునే పార్కు కంటే తమ ఈశాన్యమే ముఖ్యం. ఇలాంటివాళ్ళను క్షమించకూడదు!"

చప్పట్లు! నిజంగా చప్పట్లు! అవి ఆగకముందే ఊరివైపు నుంచి పాలక్యాన్లు గలగలలాడుతూ ఒక బైకు వచ్చి ఆగింది. దిగింది మా చంద్ర. వాడి మొహం చాటంత అయింది.

"అన్నా! రానంటివే, నాకంటే ముందే వచ్చేసినావే!"

వీడికి ఇక్కడేం పని అనుకున్నాను. సరిగ్గా అప్పుడే వాడి వెనక, గట్టు పక్కన, పాత గానుగ రాయి కనిపించింది. చిన్నప్పుడు దాని మీద కూర్చుని వేడి బెల్లం తిన్నాను. ఎక్కిన గట్టు మెల్లగా దిగాను.

"ఈయన మీకేమవుతారు?" అని మేడం చంద్రను అడిగింది.

"మా సొంత అన్న మేడం. మా అప్లికేషన్లో మొదటి పేరు ఈయనదే. ఆ ఈశాన్యం ప్లాటు కూడా ఈయనదే," అని వాడు గర్వంగా చెప్పి, నా పక్కకు వచ్చి చొక్కా చేతులు మడిచాడు. "ఇంతకీ ఆ అబ్జెక్షన్ పెట్టిన ఎదవ యాడన్నా? ఈళ్ళలో ఎవురు?"

నేను నా చెప్పుల వైపు చూశాను. చెప్పులు బాగానే ఉన్నాయి. ఎవరూ మాట్లాడకపోతే ఆ గండం ఎట్లాగో గడిచేదేమో. కానీ మునిరత్నం గారు మేలు చేద్దామని ముందుకొచ్చాడు.

"ఇంకెవురప్పా, మా ఇస్కూలు అయివోరే! రెండు దినాలు కూసోని ఒక్కడే రాసినాడు. ఎవురూ సాయం గూడా సెయ్యలా!"

చంద్ర నన్ను చూశాడు. మునిరత్నం గారిని చూశాడు. మళ్ళీ నన్ను చూశాడు. తిట్టలేదు, అదే నాకు కష్టంగా అనిపించింది. "గడ్డి పెట్టమంటివి కదన్నా," అన్నాడు మెల్లగా.

మేడం ఫైలు తెరిచి రెండు సంతకాలు పక్కపక్కన పెట్టి చూసింది. నవ్వు ఆపుకోవడానికి పాపం చాలా కష్టపడింది.

"సార్, మీరిప్పుడు ఏ హోదాలో మాట్లాడుతున్నారు?"

"ఇందాకటి దాకా ప్రజల తరఫున మేడం. ఇప్పుడు... సొంతంగా. ఆ అభ్యంతరం వెనక్కి తీసుకుంటాను మేడం. ఏదో ఆవేశంలో రాశాను."

"వెనక్కి తీసుకోండి, తప్పులేదు. కానీ వంక వెనక్కి పోదు కదా సార్? మీరు రాసినవన్నీ రూల్ ప్రకారం కరెక్టే. చూసినాక చూడనట్టు ఎలా ఉంటాం?" అంది. "మీ రూల్ నంబర్లతో సహా కరెక్టే," అని ఓదార్పుగా ఇంకో మాట కూడా కలిపింది.

అంతే. ప్లాను సవరించమన్నారు. రోడ్డు వెడల్పయింది, వంకకు జాగా వదిలారు, పార్కు ఒడ్డు మీది నుంచి లేచి నేరుగా ఈశాన్యం మూలకు వచ్చి కూర్చుంది. తూర్పు ముఖంగానే! తగ్గిన నేలంతా ఎవరి వాటాలోంచి పోవాలన్న ప్రశ్న వచ్చింది. "అన్న రాసుకున్నాడు, అన్నే అనుభవించాల," అన్నాడు చంద్ర. నాకు మిగిలింది పడమటి వైపు, రైలుపెట్టె మాదిరి సన్నటి ప్లాటు.

కొత్త ప్లాను సరళ ముందు పరిచాను. చాలాసేపు చూసింది.

"దీంట్లో ఇల్లు వస్తాదా?"

"హాలు, దాని వెనక రూము, దాని వెనక వంటిల్లు... వరుసగా వస్తాయి."

ఆమె కోప్పడుతుందని సిద్ధంగా ఉన్నాను. కోప్పడలేదు. "సరే, మనదే కదా," అని కాగితం మడిచి పెట్టింది. నిజం చెప్తున్నాను, ఆ ఒక్క చోట నాకు నవ్వు రాలేదు. చాలా సిగ్గేసింది, అంతకంటే బాధేసింది.

లేఅవుట్‌లో రోడ్లూ పార్కూ ఓనర్లవి కావు కదా. వాటిని పంచాయితీ పేరిట గిఫ్ట్ డీడ్ రాసిచ్చి రిజిస్టర్ చేయించాలి. నిన్న ఆ పని మీదే రిజిస్ట్రారాఫీసుకు పోయాం. నేను, చంద్ర, సాక్షి సంతకానికి మునిరత్నం గారు. సరళ కూడా వచ్చింది, ఇంకేదైనా సంతకం పెట్టేస్తానేమోనని. ఈసారి ప్రతి పేజీ ఆమె చదివాకే పెన్ను నా చేతికి ఇచ్చింది. మునిరత్నం గారు శాలువా కూడా తెచ్చాడు. కాలనీ కోసం ఇంత త్యాగం చేసిన అధ్యక్షుణ్ణి ఊరికే పంపకూడదని గ్రూపులో తీర్మానించారట.

రిజిస్ట్రారు గారు పెద్దమనిషి. డాక్యుమెంటు చదివి, కళ్ళద్దాలు తీసి, నన్ను ఎగాదిగా చూశాడు.

"తూర్పు ముఖం, ఈశాన్యం బిట్టు... ఇది పార్కుకు ఇచ్చేస్తున్నారా సార్? రూల్ ప్రకారం అడగాలి, ఏమనుకోవద్దు. ఇష్టపూర్వకంగానే ఇస్తున్నారా? ఇందులో ఎవరి బలవంతమైనా, ప్రోద్బలమైనా ఉందా?"

చంద్ర గోడ మీద క్యాలెండర్ చూస్తున్నాడు. సరళ నన్నే చూస్తోంది. మునిరత్నం గారు శాలువా విప్పి రెడీగా ఉన్నాడు.

"లేదు సార్," అన్నాను. "ఎవరి చెయ్యీ లేదు. మొత్తం నేనే కష్టపడి సాధించుకున్నాను."