దాచుకున్న ఆయాసం

ఈ ఉదయం జూబ్లీహిల్స్ అడవి పార్కులో ఎత్తుదారి ఎక్కుతుంటే, నా ముందు ఒకాయన ఫోన్‌లో "ఆఫీసులోనే ఉన్నానండీ" అంటున్నాడు. మాటకూ మాటకూ మధ్య ఊపిరి కొలిమితిత్తిలా కొట్టుకుంటోంది. నవ్వాపుకోలేక పక్కకు తిరిగాను. ఆ చప్పుడుకు కామేశ్వరి గారు గుర్తొచ్చారు.

ఆవిడ డబ్బింగ్ కళాకారిణి. తెర మీద ఎందరో కథానాయికలది ఆవిడ గొంతే. బజారులో మాత్రం ఎవరూ గుర్తుపట్టేవారు కాదు. "అదే హాయి, వంకాయలు తీరిగ్గా బేరమాడుకోవచ్చు" అనేవారు. తొంభైల చివర, ఫిల్మ్‌నగర్‌లో చిన్నాచితకా వేషాలకు గొంతిస్తున్న నాకు మొదటిసారి కథానాయిక పాత్ర దొరికింది. దొరికి, ఒక్క సన్నివేశం దగ్గర చిక్కుకుంది. ఆ అమ్మాయి పరుగెత్తుకొచ్చి తలుపు తట్టి, "కాపాడండి, లోపలికి రానివ్వండి" అనాలి. నేనెంత రొప్పినా దర్శకుడికి నచ్చలేదు. "రేపు పదింటికి ఇంకోసారి చూస్తాను. కుదరకపోతే వేరే అమ్మాయిని పిలుస్తాను" అనేశాడు. ఏడుపు మింగుకుని బయటికొస్తే వరండాలో కామేశ్వరి గారు ఎదురయ్యారు. సంగతంతా విని, "పొద్దున్నే ఆరింటికి పార్కు గేటు దగ్గరికి రా. బూట్లు వేసుకో" అన్నారు.

అప్పటికి ఆ అడవిలో నడకదారులు కొత్త. బండల మధ్య నెమళ్లు మనుషుల్ని లెక్కచేయకుండా తిరిగేవి. ఆవిడ కొంగు నడుముకు చుట్టి, పైన ఒక రాతి మీద దర్జాగా కూర్చుని, నన్ను నాలుగుసార్లు ఎత్తుదారిలో పరుగెత్తించారు. పైకి చేరగానే ఆ డైలాగు చెప్పాలి. నాలుగోసారి కసికొద్దీ గొంతు చించుకున్నాను. కింద నుంచి కాపలాదారు కర్ర పట్టుకుని పరుగున వచ్చాడు.

"ఏందమ్మా, ఎవడన్న ఎంబడి పడ్డడా?"

"ఎవరూ లేరు నాయనా, సినిమా మాటలు నేర్చుకుంటోంది. పాపం పరుగెత్తుకొచ్చావు, కాసేపు కూర్చో" అన్నారు కామేశ్వరి గారు.

అతను నడుము నిటారుగా చేసుకున్నాడు. నోరు మూసుకుని, ముక్కుతో మెల్లగా ఊపిరి వదిలి, "ఉరుకుడేం లేదమ్మా. ఊకె గిట్ల నడుసుకుంట వచ్చిన" అన్నాడు. చివరి మాట దగ్గర గొంతు కాస్త తెగింది.

అతను వెళ్ళాక ఆవిడ నా వైపు తిరిగారు. "విన్నావా? ఆయాసం వచ్చినవాడు దాన్ని ఊరందరికీ చూపించుకోడే, దాచుకుంటాడు. నువ్వు రొప్పడం మానేసి దాచడం నేర్చుకో."

పదింటికి మైకు ముందు నిలబడి, ఊపిరి బిగబట్టి, ఏమీ జరగనట్టే ఆ మాట చెప్పబోయాను. సగంలో గొంతు దానంతటదే జారింది. దర్శకుడు "ఇది ఉంచండి" అని తర్వాతి సన్నివేశానికి వెళ్ళిపోయాడు. పాత్ర నాకే దక్కింది. ఆ పూట నా కాళ్లు నేల మీద లేవు.

అయితే నా చెవి ఆ పాఠాన్ని డబ్బింగ్ థియేటర్‌లో వదిలిపెట్టి రాలేదు. కొన్నేళ్ళ తర్వాత ఒక మధ్యాహ్నం ఫోన్ చేసి ఎలా ఉన్నారని అడిగితే, కామేశ్వరి గారు "నాకేమే, బాగానే ఉన్నాను" అన్నారు, అదే హుషారు గొంతుతో. ఆ మాటకు ముందు ఊపిరి ఒక్క క్షణం ఆగింది. ఆటో ఎక్కి మధురానగర్ వెళ్ళాను. ఆవిడ గోడ పట్టుకుని వచ్చి తలుపు తీశారు. ఒళ్లు జ్వరంతో కాలిపోతోంది. నన్ను చూసి, "నీకు నేర్పడమే నా పొరపాటు" అని నవ్వారు. ఆవిడను మంచం మీద పడుకోబెట్టి, గంజి కాచి తాగించాను.

ఇప్పుడు ఆవిడ లేరు. ఎవరైనా బాగానే ఉన్నానంటే మాత్రం, నేను ఇప్పటికీ వెంటనే ఫోన్ పెట్టేయను.