లోపలికి తెరుచుకునే తలుపు

ఆఫీసులో ఆమెను అందరూ తలుపుల మేడం అంటారు. ఏ భవనం ప్లాను బల్ల మీదికి వచ్చినా ఆమె ముందు తలుపులే చూస్తుంది. దూలాలూ, మెట్లూ, కిటికీలూ తర్వాత. ప్లానులో తలుపు పక్కన చిన్న వంపు గీత ఉంటుంది. తలుపు ఎటు తెరుచుకుంటుందో చెప్పేది అదే. పదిమంది పనిచేసే చోట ఆ గీత గది లోపలికి వంగి ఉందంటే ఇక ఆ ప్లాను వెనక్కి పోయినట్టే. "మేడంగారికి తలుపుల పిచ్చి" అని తోటివాళ్లు ఆటపట్టిస్తారు. ఆమె కూడా నవ్వేస్తుంది. ఎందుకో మాత్రం చెప్పదు.

ఆమె చదువుకునే రోజుల్లో, తల్లీ తండ్రీ లేని ఆ ఇంటికి అక్కే పెద్దదిక్కు. కుట్టుమిషన్ల వర్క్‌షాపులో చొక్కాలకు కాలర్లు కుట్టేది. చెల్లెలికి యూనివర్సిటీలో ఆర్కిటెక్చరల్ ఇంజనీరింగ్ సీటు వచ్చిందని తెలిసిన రోజున అడిగింది.

"అదేం చదువే? ఇల్లు కట్టడమా, కట్టిన ఇంటికి సోకులు చేయడమా?"

"రెండూ కాదక్కా. ఇల్లు కూలకుండా నిలబడాలి, లోపల మనిషికి ఊపిరాడాలి. ఆ రెండూ కలిపి నేర్పుతారు."

"అయితే ముందు మన వంటగదికి ఊపిరి పోయవే తల్లీ, పొగకి చస్తున్నా."

నేర్పారు. ఎంత బరువుకు దూలం ఎంత వంగుతుందో, ఏ కాలంలో ఎండ ఏ గోడను కాలుస్తుందో, ఖాళీ గదిలో మాట ఎందుకు మారుమోగుతుందో నేర్పారు. నీళ్ల గొట్టాలూ, కరెంటు తీగలూ, గాలి గొట్టాలూ ఒకదాన్నొకటి ఢీకొట్టకుండా ఒకే కప్పు కింద ఎలా సర్దుకుపోవాలో నేర్పారు. ఆమె మొదటిసారి గీసిన గాలి గొట్టం సరిగ్గా దూలం మధ్యలోంచి దూసుకుపోయింది. "దూలానికి చెవులు కుట్టించావా అమ్మా?" అన్నారు మాస్టారు. ఆ సంగతి చెబితే అక్క అన్నం తింటూ పొలమారేదాకా నవ్వింది.

చివరి ఏడాది ఒక పాఠం వచ్చింది. భయపడ్డ మనిషి తలుపును లాగడు, తోస్తాడు. అతన్ని వెనకున్నవాళ్లు తోస్తారు. అందుకే జనం ఉండే గది తలుపు బయటికే తెరుచుకోవాలి. పాఠం అయ్యాక, నిజంగా వాడుకలో ఉన్న భవనాన్నొకదాన్ని కొలిచి గీసుకురమ్మన్నారు. తోటివాళ్లు సినిమా హాళ్లూ లైబ్రరీలూ ఎంచుకున్నారు. ఆమె అక్క పనిచేసే వర్క్‌షాపును ఎంచుకుంది.

సెలవు రోజున యజమానిని అడిగి తాళం తెచ్చింది అక్క. టేపు ఒక కొస తనే పట్టుకుంది. మూడో అంతస్తులో పొడుగాటి గది, దానికి ఒకటే తలుపు. బయట మెట్ల దగ్గర గుడ్డ మూటలు నడుమెత్తు పేర్చి ఉన్నాయి.

"అక్కా, ఈ తలుపు లోపలికెందుకు తెరుచుకుంటోంది?"

"బయటికైతే మూటలకు తగులుతోందని తిప్పి బిగించారు. పాపం, మూటలకు దెబ్బ తగిలితే ఎలా?"

"నవ్వులాట కాదు. ఏదన్నా అయి అందరూ ఒక్కసారి మీద పడితే ఇది తెరుచుకోదు. వెనక్కి జరిగి లాగాలి. నేను మీ ఓనరుతో మాట్లాడతా."

అక్క టేపు వదిలేసింది. అది చర్రున వెనక్కి చుట్టుకుంది.

"నోర్మూసుకో. నీ చదువయ్యేదాకా ఓనరుతో ఒక్క మాట కూడా అనకు. ఇక్కడ నా సీటు ఊడితే అక్కడ నీ సీటూ ఊడుతుంది." అంతలోనే గొంతు తగ్గించింది. "వెనక్కి జరిగి లాగాలి, అంతేగా? నాకు తెలిసిందిగా, ఇంక భయమెందుకే?"

కాలేజీలో ఆ డ్రాయింగును గోడకు తగిలించారు. తలుపు చుట్టూ ఎర్ర సున్నా చుట్టి ఉంది. చూసిన పెద్దలు గీతల శుభ్రతను మెచ్చుకుని మంచి మార్కులు వేశారు. ఆ గదిలో ఇప్పుడు మనుషులున్నారా అని ఒక్కరూ అడగలేదు. తప్పు కనిపెట్టడం నాలుగేళ్లు నేర్పిన చదువు, ఆ తప్పును ఎవరి గుమ్మం ముందు నిలబడి అరవాలో ఒక్క పూటైనా నేర్పలేదు. దీన్ని నేను మరుపు అనను. తప్పించుకోవడం అంటాను.

పరీక్షలు దగ్గరపడిన రోజుల్లో, ఒక మధ్యాహ్నం మిషను తీగ కాలింది. పెద్ద మంటేం కాదు, పొగ. గదంతా తలుపు మీద పడింది. అక్క తలుపు దగ్గరే నలిగిపోయింది. ఆస్పత్రికి చేరేసరికే ప్రాణం లేదు.

బొత్తాలు కుట్టే పిన్ని బతికి బయటపడింది. ఇంటికొచ్చి చెల్లెలి రెండు చేతులూ పట్టుకుంది.

"మీ అక్క ఒక్కతే అరిచిందమ్మా, 'వెనక్కి జరగండి, లాగాలి, లాగాలి' అని. పిడి పట్టుకుని శక్తికొద్దీ లాగింది. ఎవరు విన్నారు? నేనూ తోశాను తల్లీ. నేనూ తోశాను."

కొన్నాళ్లకు వర్క్‌షాపు మళ్లీ తెరిచారు. అక్క కత్తెరా, కుర్చీ మీది దిండూ తెచ్చుకుందామని చెల్లెలు వెళ్లింది. మూటలు కిందికి దించేశారు. వడ్రంగి వచ్చి ఒక్క పూటలో తలుపు తిప్పి బిగించి పోయాడట. కావాల్సింది ఒక్క పూట పని!

ఆమె లోపలికి వెళ్లి, తలుపు మూసి, వేలితో తోసింది. చప్పుడు లేకుండా బయటికి తెరుచుకుంది.

అక్క మిషను ముందు కూర్చున్న కొత్తమ్మాయి తలెత్తింది. "ఎవరు కావాలండీ?"

దిండు ఆ అమ్మాయి కిందే ఉంది.

"ఎవరూ వద్దమ్మా" అంది. "తలుపు చూద్దామని వచ్చాను."