ఓడవాళ్లను కారణం అడిగిన సైదులు మామ

నిన్న పొద్దున సైదులు మామ కొడుకు ఫోన్ చేశాడు. "అన్నా, నాయన పోయిండు."

"ఎక్కడికి?" అని అడిగాను. బుర్ర అంత మొద్దుబారిపోయింది.

సూర్యాపేట దవాఖానలో. హార్ట్ ఎటాక్.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నా. మిర్యాలగూడలో మా రైస్ మిల్లు ఎక్స్‌పోర్ట్ పేపర్లన్నీ మామే చూసేవాడు. చుట్టం కాదు, నా పక్క టేబుల్. మునగాల మనిషి. సముద్రం ఎన్నడూ చూడలేదు. కానీ మన బియ్యం ఎక్కిన ఓడ ఎక్కడుందో ఫోన్‌లో చూడకుండా టిఫిన్ బాక్స్ తెరిచేవాడు కాదు.

"ఇయ్యాల కొలంబో దాటింది రా."

ఇక ప్రశ్నలు. ఓడలోళ్లు ఏం తింటరు? తుఫానొస్తే బస్తాలు తడవయా? నాకేం తెలుసు.

పోయినేడాది ఒకసారి మా కంటైనర్లు పోర్టుకు చేరాక షిప్పింగ్ కంపెనీ ఓడలో జాగా లేదని బుకింగ్ రద్దు చేసింది. ముందే బుక్ చేసిన జాగా ఏమైందో చెప్పలేదు. బియ్యం అక్కడే ఆగిపోయాయి, బయ్యర్ వేరేవాళ్లను చూసుకున్నాడు. అందరం తిట్టుకుని ఊరుకున్నాం.

మామ ఊరుకోలేదు. "బస్సు రాకుంటె డిపోల అడుగుతం. ఓడోళ్లను ఎందుకు అడగొద్దు రా?"

అప్పుడే ఓడ రవాణా మీద కొత్త చట్టం ముసాయిదా వచ్చింది, అభిప్రాయాలు ఢిల్లీకి పంపమన్నారు. రోజూ లంచ్‌లో ఒక పేజీ నాతో చదివించి, తెలుగులో చెప్పించుకున్నాడు. చివరికి ఒక్క లైన్ రాయించాడు: బుకింగ్ రద్దు చేస్తే షిప్పింగ్ కంపెనీ కారణం రాసివ్వాలి.

ఆ ఉత్తరానికి గుప్పెడు బియ్యం ప్యాకెట్ పిన్ కొట్టాడు. నేను నెత్తి పట్టుకున్నా. చట్టానికి శాంపిల్ ఏంది మామా?

"శాంపిల్ లేకుండ మన మాట ఎవడు నమ్ముతడు రా?" బ్రోకర్లకు పంపీ పంపీ అయిన అలవాటు అది.

జవాబు రాలేదు. ఆయన డౌట్ మాత్రం వేరే. "గా ఢిల్లీ సారు బియ్యం వండుకున్నడంటవా?"

నిన్న మధ్యాహ్నం మునగాలలో మామ ఇంటి ముందు నిలబడి ఉంటే విశాఖ షిప్పింగ్ ఏజెంట్ ఫోన్. ఈ వారం బుకింగ్ క్యాన్సిల్ అట. ఎప్పుడూ సరేనని పెట్టేసేవాణ్ని, కారణం అడిగేది మామే. నిన్న మాత్రం "కారణం రాసి మెయిల్ చేయండి" అన్నా.

ఆయన నవ్వాడు. "సైదులు గారు అడగమన్నారా అండి? ఆయనకోసారి ఫోనివ్వండి, నేను చెప్తాను."

ఫోన్ పట్టుకుని ఏడ్చేశాను.

మెయిల్ ఇంకా రాలేదు మామా. మళ్లీ అడుగుతా.

నువ్వు ఇగ నిమ్మళంగా పడుకో.