అక్క కళ్లు నిలవలేదు

రెడ్డియార్‌పాళయంలో మా ఇంటి ముందుగదిలో అక్క జాకెట్లు కుట్టేది. అమ్మానాన్నలు పోయాక ఆ మిషను మీదే నన్ను చదివించింది. అలాంటి అక్క చేతిలో కుట్లు వంకరపోసాగాయి.

"సూది యాడుందో తెలీలేదే. కిందికి చూస్తే అంతా ఎగురుతుండాది," అంది.

కళ్లజోడు మార్చాం. లాభం లేకపోయింది. చివరికి నరాల డాక్టరు చెప్పాడు: చిన్నమెదడు క్షీణిస్తోంది, అందుకే కళ్లు వాటంతటవే కొట్టుకుంటున్నాయి. జబ్బుకు మందు లేదు. కళ్ల అదురు తగ్గడానికి మాత్రం ఒక మాత్ర ఉంది, అందరికీ పనిచేయదు. దానివల్ల ఫిట్స్ రావచ్చు, వస్తే వెంటనే ఆపేయాలి.

అక్కకు పనిచేసింది. ఒకరోజు పొద్దున్నే కేకేసింది. పరిగెత్తి వెళ్తే సూదిలో దారం ఎక్కించి కూర్చుని ఉంది. "చూపు నిలబడిందే!" అని ఏడ్చింది. ఆగిపోయిన జాకెట్లన్నీ వరసగా కుట్టింది. గోడ పట్టుకోకుండా మెట్లు దిగింది. గండం గడిచిందనుకున్నాను.

ఆ సంతోషం ఎన్నాళ్లో నిలవలేదు. మిషను దగ్గరే ఫిట్స్ వచ్చి పడిపోయింది. నోట్లో నురగ, కాళ్లూ చేతులూ కొట్టుకోవడం. ఆటోలో ఆమె తల ఒళ్లో పెట్టుకుని ఆస్పత్రికి తీసుకెళ్లాను.

"ఇక ఆ మాత్ర వద్దమ్మా," అన్నాడు డాక్టరు.

అక్క చేతులు జోడించింది. "ఫిట్స్ వస్తే రానీండి సార్. చూపు నిలబడితే చాలు."

ఆయన తల అడ్డంగా ఊపి, వేరే మాత్ర రాశాడు. దాంతో పగలంతా మత్తు, నడిస్తే తూలుడు. కళ్లు మాత్రం ఆగలేదు. దాన్నీ మానేసింది.

కత్తిరించని గుడ్డలు నేనే ఇంటింటికీ తిరిగి ఇచ్చొచ్చాను. "అక్కకు ఎప్పుడు నయమవుతుంది?" అని అందరూ అడిగేవాళ్లు.

ఇప్పుడు మాట్లాడేటప్పుడు కూడా అక్క కళ్లు తెరవదు. తెరిస్తే నా మొహం ఊగుతుందట, కడుపులో తిప్పుతుందట. అన్నం కలిపి చేతికందిస్తాను. ఆస్పత్రికి పోదామంటే, "ఎందుకే?" అంటుంది.

మొన్న నేనొక్కదాన్నే డాక్టరు దగ్గరికెళ్లి, కొత్త మందేదైనా వచ్చిందా అని అడిగాను. లేదన్నాడు. ఇంటికి రాగానే, "యాడికి పోయినావే?" అంది అక్క.

కూరగాయలకని చెప్పాను.