సాయంత్రానికి ఖాళీ అయిన మంచం

మా నాన్న రాయగడ మున్సిపాలిటీలో నీళ్ళ వాల్వులు తిప్పేవాడు. తుప్పు పట్టి బిగుసుకుపోయిన వాల్వులతో కుస్తీ పట్టీ పట్టీ కుడి గజ్జల్లో హెర్నియా దిగింది. తొంభైలలో ఓ పెద్దాసుపత్రిలో కోసి, నొప్పి తెలియకుండా పెథిడిన్ అనే మత్తుమందు సూది ఇచ్చారు. నొప్పి తెలియలేదు గానీ ఆ మందు పడక రెండు రోజులు కక్కుతూనే ఉన్నాడు. ఆ ఊపుకి కుట్లు తెగి మళ్ళీ కుట్టాల్సొచ్చింది.

"సచ్చినా ఆ బల్ల ఎక్కను," అన్నాడు ఇంటికొచ్చాక.

కొన్నేళ్ళకి ఎడమవైపూ దిగింది. అప్పటికి నేను మా ఊళ్ళోనే ఓ చిన్న నర్సింగ్ హోంలో, ఆపరేషన్ గదిలో నర్సుని. పెథిడిన్‌కి లైసెన్సులు, రిజిస్టర్లు కావాలి. మా దగ్గర తరచూ ఉండేది కాదు. అందుకని మా మత్తు డాక్టరుగారు గజ్జల దగ్గర నరాలకి తిమ్మిరి ఇంజెక్షన్ ఇచ్చి, పైన మామూలు నొప్పి సూదితో సరిపెట్టేవారు. ఆ ఇంజెక్షన్ పడ్డవాళ్ళు రెండు గంటల్లో టీ అడిగేవాళ్ళు. పెథిడిన్ పడ్డవాళ్ళలో చాలామంది కక్కడానికి గిన్నె అడిగేవాళ్ళు. ఎవరు కక్కారు, ఎవరు ఎప్పుడు లేచి నడిచారు అని డ్యూటీ పుస్తకం వెనక పేజీల్లో రాసుకుంటూ వచ్చాను. ఓ రోజు ధైర్యం చేసి డాక్టరుగారికి చూపించాను. ఆయన చివరిదాకా చదివి పుస్తకం తిరిగిచ్చారు. ఆ తర్వాత పెథిడిన్ ఉన్న రోజున కూడా తిమ్మిరి ఇంజెక్షనే తీయమనేవారు. నాకు ఎంత గర్వంగా ఉండేదో!

ఆ గర్వంతోనే నాన్న దగ్గర నోరు జారాను.

"ఈసారి నువ్వు కక్కితే నాను ఉజ్జోగం మానేస్తాను నాన్నా."

"మాట మీద ఉంటావేటి?"

"ఉంటాను."

ఆ మాట నమ్మి బల్ల ఎక్కాడు. పొద్దున్నే తిమ్మిరి ఇంజెక్షన్‌తో ఆపరేషన్ అయింది. నాన్న మెలకువగానే ఉండి, ఏ సందులో పైపు కారుతోందో డాక్టరుగారికి చెబుతూనే ఉన్నాడు. మధ్యాహ్నం నీళ్ళు తాగాడు. తర్వాత టీ, రెండు ఇడ్లీలు. నేను వెనక గిన్నె దాచుకుని నిలబడ్డాను. ఒకసారి గట్టిగా తేన్చేసరికి నా ప్రాణం పోయినంత పనైంది. ఏమీ కాలేదు. నడిచి బాత్రూంకి వెళ్ళొచ్చాడు. నాలుగింటికి డాక్టరుగారు ఇంటికి పంపించేశారు. దారిలో అవసరమవుతుందేమోనని గిన్నె కూడా అమ్మ సంచిలో పెట్టాను.

చుట్టాలకి చెప్పడం మాత్రం మరిచిపోయాం. మావాళ్ళలో ఆపరేషన్ అంటే వారం రోజులు ఆసుపత్రిలో పలకరింపులు. నారాయణపట్న నుంచి మా మేనత్త బ్రెడ్డు, బత్తాయిలు పట్టుకుని అయిదింటికి వార్డుకి వచ్చింది. మంచం ఖాళీ. పరుపు మడిచి ఉంది. అంతే, నేల మీద కూలబడి రాగం మొదలెట్టింది. పక్క మంచాలవాళ్ళూ కళ్ళు తుడుచుకున్నారు. నేను పరిగెత్తుకొచ్చాను.

"అత్తా, నాన్న ఇంటికెల్లిపోనాడు."

"నాకు అబద్దం సెప్పకమ్మీ. పొద్దున్న కోసినోడు సాయంత్రం ఇంటికెలగెల్తాడు?"

రిక్షాలో ఇంటికి తీసుకెళ్ళాను. దారంతా ఏడుస్తూనే ఉంది. నాన్న అరుగు మీద కూర్చుని టీ తాగుతున్నాడు. అత్త ఏడుపు ఆగింది, కోపం మొదలైంది.

"కోసినోడివి మంచం మీద ఉండాల గానీ, ఇదేటన్నా? ఇంతదూరం పడి వచ్చేను, ఊరందరి ముందూ ఏడిసేను!"

నాన్న ఆమె చేతిలోంచి బ్రెడ్డు తీసుకుని, ఒక ముక్క టీలో ముంచి తిన్నాడు. నేనేం పనిచేస్తానని ఎవరడిగినా, సూదులేస్తాది అని తేల్చేసే మనిషి. ఆ రోజు చెల్లెలితో నెమ్మదిగా అన్నాడు:

"మా అమ్మి పనిసేసే కాడ మంచాలు అలగే ఖాళీ అవుతాయే."

నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అమ్మ సంచిలోంచి గిన్నె తీసి లోపల పెట్టబోతుంటే వెనక నుంచి పిలిచాడు.

"రేపు డూటీకెల్లు అమ్మీ. ఇంకా సానామంది కక్కకుండా ఇల్లకెల్లాల."