ఉలిగమ్మ నోట రాని మాట

ఉలిగమ్మ తన జన్మలో ‘చాలు’ అన్న మాట అనలేదు. వడ్డించేవాడి చెయ్యి నొప్పెట్టాలే గానీ, ఆమె చెయ్యి మాత్రం విస్తరికి అడ్డం పడేది కాదు.

“ఎందుకే నీకీ పంతం?” అని ఒకసారి అడిగాను.

“చాలంటే ఇంట్లో లక్ష్మి లేసిపోతాదంట. మా అవ్వ చెప్పింది.”

“మీ అవ్వ నీకు ఒక్క పూట అన్నం పెట్టి చూసుంటే ఆ మాట చెప్పుండదు. పోనీ, కన్నడంలో అనవే!” అన్నాను. మా హిందూపురం వైపు సగం మాటలు కన్నడమే. అందులో చాలు అనడానికి ‘సాకు’ అంటారు.

“ఏం, లక్ష్మికి కన్నడం రాదా?” అంది ఉలిగమ్మ.

నోటికి నన్ను మించినవాళ్లు మా వీధిలో లేరని పేరు. ఆ పేరు పోగొట్టింది ఈ మహాతల్లి ఒక్కతే.

మాకు ఇంకో స్నేహితురాలు పుట్టమ్మ. ఆమె దీనికి పూర్తిగా తిరగేసిన మనిషి. గరిటె ఇంకా గిన్నెలో ఉండగానే ‘చాలు’ అనేది. చిన్నప్పుడే కాపురానికి వచ్చింది. వాళ్ల అత్త ఆ మాట విన్నాకే గరిటె పట్టేది మరి! అత్త పోయి ఏండ్లయినా ఆ మాట మాత్రం పోలేదు. చీరలూ అంతే. ఎవరు ఏది పడేస్తే అదే చాలు. ఇటుకరంగు చీరలో తప్ప పుట్టమ్మను నేను చూసిన పాపాన పోలేదు.

అది పందొమ్మిది వందల అరవై నాలుగో, అరవై ఐదో. పుట్టమ్మ కొడుక్కి పెండ్లి కుదిరింది. “అమ్మా, నీ చీర నువ్వే పోయి, నీకు నచ్చింది తెచ్చుకో” అన్నాడు కొడుకు. ఆ మాటకు పుట్టమ్మ మొహాన వెలుగు, వెంటనే దిగులు. ఏరుకోవడం ఆమెకు ఎవరు నేర్పారు గనక? తోడు రమ్మని మమ్మల్ని బతిమాలింది. పొద్దున రైలుకే ముగ్గురం ధర్మవరం బయల్దేరాం.

పెనుకొండలో రైలు ఆగగానే ఉడికించిన వేరుశనక్కాయల మనిషి వచ్చాడు. ఉలిగమ్మ కిటికీలోంచి కొంగు చాపింది. వాడు పోశాడు. మళ్లీ పోశాడు. రైలు కదిలింది. వాడు పక్కనే పరుగెత్తుతూ, “చాలా అమ్మా?” అని అరిచాడు.

“నువ్వే సెప్పు నాయనా!” అంది ఉలిగమ్మ.

తర్వాత, “అబ్బ, బరువైతాండాది. రోంత పట్టుకోవే” అని సగం పుట్టమ్మ ఒడిలో కుమ్మరించింది. నేను కొండమీది కోట చూస్తూ కూర్చున్నాను. తిరిగి చూసేసరికి పుట్టమ్మ ఒడిలో పొట్టు తప్ప ఏమీ లేదు.

ధర్మవరంలో హోటలుకు పోతే ఆ పూట ఓళిగల భోజనం. ఓళిగలంటే బొబ్బట్లే. వడ్డించే ఎర్రప్పకు పాపం ఉలిగమ్మ సంగతి తెలియదు. ఓళిగ వేస్తాడు, ఆగుతాడు, మొహం చూస్తాడు. ఈమె దూలాలు చూస్తుంది. ఇంకోటి వేస్తాడు. గల్లా దగ్గరున్న యజమాని లేచొచ్చి మరీ నిలబడి చూశాడు. నెయ్యి కారుతున్న ఆ గోపురం చూసి నేనూ నోరు తెరిచాను. పెనుకొండ కోటకు కూడా అంత తెరవలేదు!

“నాకు చాలప్పా,” అంది పుట్టమ్మ. ఆమె ఆకులో అప్పటికి ఇంకా ఏమీ పడలేదు.

“థూ, ఇది మాడిండాది. నాకొద్దు, నువ్వు తిను” అని ఉలిగమ్మ ఒక ఓళిగ ఆమె ఆకులోకి విసిరింది. “ఇది మందమైంది. ఇది సొట్టగా ఉండాది.” అన్నీ బంగారంలా ఉన్నాయి. తిండిలో కూడా ఇంత వంకలా అని నేను విసుక్కున్నాను.

అశ్వత్థనారాయణ శెట్టి అంగడిలో పరుపు మీద కూర్చున్నాం. శెట్టి మొదట పరిచిందే ఇటుకరంగు చీర.

“ఇదే చాల్లే శెట్టీ,” అంది పుట్టమ్మ.

ఉలిగమ్మ జరిగి, ఎంచక్కా ఆ చీర మీదే కూర్చుంది. “నేను కూసున్న సీర పెండ్లికెట్ల కడతావు? ఇంగొకటి తియ్యప్పా.”

తీశాడు. చిలకపచ్చ, పసుపు, దానిమ్మగింజ రంగు, కంటికి కొట్టే జరీ. పట్టు జారుతుంటే సన్నగా వాన పడ్డ చప్పుడు. మనిషి చేతులు ఇంత పని చేయగలవా అని నేను గుడ్లప్పగించి చూశాను. పుట్టమ్మ మాత్రం ప్రతిదానికీ “చాలు” అంటూనే ఉంది. ఉలిగమ్మ “ఇంగొకటి” అంటూనే ఉంది. చీరల గుట్ట వెనక శెట్టి తలకాయ ఒక్కటే కనబడుతోంది.

“ఏమే, రైలు పోతాదే!” అని అరిచాను.

“పోతే ఇంగొకటి వస్తాది!”

శెట్టి చెమట తుడుచుకుని, బీరువా అడుగు నుంచి ఒకటి లాగి విప్పాడు. నెమలి కంఠం రంగు, వంకాయరంగు అంచు. అంగడంతా ఒక్కసారి చల్లబడినట్టయింది. పుట్టమ్మ నోరు తెరిచింది. ‘చాలు’ రాలేదు. చెయ్యి దానంతటదే పోయి అంచు పట్టుకుంది.

“ఇది... నాకు ఇది కావాల,” అంది. అని, తన మాటకు తానే జడిసి, తర్వాత నవ్వింది.

“ఇంకా తియ్యాలా అమ్మా?” అన్నాడు శెట్టి ఏడుపుగొంతుతో.

ఉలిగమ్మ గుట్టకు చెయ్యి అడ్డం పెట్టింది. “సాకు!”

నేను అదిరిపడ్డాను. “లక్ష్మికి కన్నడం వచ్చంటివి కదే?”

“వస్తే రానీ. పుట్టమ్మ నవ్వుతాంటే లక్ష్మి యాడికి పోతాది?”

కన్నడంలో సాకంటే చాలు. మన తెలుగులో సాకంటే నెపం. నేను రెండో తరగతి దాటలేదు గానీ, ఒడి బరువూ మాడిన ఓళిగలూ గుర్తొచ్చి, ఆ ఒక్క మాటకు రెండు అర్థాలూ ఆ పొద్దే తెలిశాయి.

రైలు కూడా మా కోసమే ఆలస్యంగా వచ్చింది. పెనుకొండలో మళ్లీ ఆ వేరుశనక్కాయల మనిషే. ఉలిగమ్మను చూసి పక్క పెట్టెకు పారిపోబోయాడు. ఈసారి కిటికీలోంచి కొంగు చాపింది పుట్టమ్మ.

“ఇంగ రోంత ఎయ్ నాయనా!”